రెండు ఇంజిన్లూ వరంగల్ మీద ఆగిపోతున్నాయి: ఒక డకోటా యాడ్-ఆన్ కేస్ స్టడీ

ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం పాత విమానాన్ని యాడ్-ఆన్‌గా (విడిగా వేసుకునే అదనపు సాఫ్ట్‌వేర్‌గా) తయారుచేసేవాళ్ళకి వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటి సారం ఒక్కటే: విమానం మరీ పాతగా ఉంది. జనం ఆ మాట అనరు. "లాండింగ్ గేర్ పనిచేయడం లేదు" అంటారు, "రన్‌వే మీద ఎడమకు లాగుతోంది" అంటారు, "ఫ్యూయల్ గేజ్‌లో బగ్ ఉంది" అంటారు. ఇందులో ఏది నిజంగా బగ్, ఏది 1940ల నాటి యంత్రం తన పద్ధతిలో తాను పనిచేయడం, ఏది వాడేవాళ్ళ జాయ్‌స్టిక్ సెట్టింగ్ అన్నది తేల్చడమే మా పనిలో పెద్ద భాగం అయిపోయింది. విమానం కట్టడం దాని ముందు తేలికే.

మేం చేసింది డగ్లస్ డకోటా. డీసీ-3కి సైనిక రూపం సీ-47, దానికి బ్రిటిష్ వాయుసేన పెట్టిన పేరే డకోటా. మా జట్టు చిన్నది: కోడ్, ఫ్లైట్ మోడల్ చూసే నేను హైదరాబాద్‌లో, త్రీడీ ఆర్టిస్ట్ విశాఖలో, సౌండ్ చూసే మిత్రుడు న్యూజెర్సీలో. వీళ్ళకి తోడు, ఎయిర్‌ఫోర్స్‌లో డకోటాల మీద పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. ఆయన్ని అందరం సార్ అనే పిలుస్తాం. ఏ సిమ్యులేటర్ అన్నది ఇక్కడ అనవసరం. ఏటా కొన్ని అప్‌డేట్లు వచ్చే పెద్ద సిమ్యులేటర్ అనుకోండి చాలు, ఈ కష్టాలు దేంట్లోనైనా ఉండేవే.

డకోటానే ఎందుకంటే, మన ఆకాశంలో అది చాలాకాలం తిరిగింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికన్లు వదిలేసి వెళ్ళిన విమానాలను చవగ్గా కొని, ప్రయాణికుల సీట్లు బిగించి నడిపిన కంపెనీలు దేశంలో చాలా పుట్టాయి. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపినవి డకోటాలే. మన దేశంలో కమర్షియల్ పైలట్ అయిన తొలి మహిళ ప్రేమ్ మాథుర్‌కి ఉద్యోగం ఇచ్చింది కూడా ఆ కంపెనీయే. 1953లో మిగతా కంపెనీలతో పాటు అదీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఇక 1949లో మొదలైన రాత్రి ఎయిర్‌మెయిల్: ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి రాత్రి బయలుదేరిన విమానాలు నాగపూర్‌లో కలుసుకుని, టపా సంచులు మార్చుకుని, తెల్లారేసరికి ఎవరి ఊరికి అవి తిరిగి చేరేవి. మా ప్యాకేజీలో మద్రాసు–నాగపూర్ రాత్రి టపా ప్రయాణాన్ని ఒక మిషన్‌గా ఇచ్చాం. తర్వాత చెప్పబోయే గొడవంతా అక్కడే మొదలైంది.

పని మొదలుపెట్టేటప్పుడే ఒక నియమం రాసుకున్నాం. లివర్ దగ్గరికి వెళ్ళే దారి ఎంత సులువు చేసినా పరవాలేదు, లివర్ చేసే పని మాత్రం మార్చకూడదు. వినడానికి బాగుంది గానీ దీన్ని నిలబెట్టుకోవడం ఎంత కష్టమో సపోర్ట్ మొదలయ్యాకే తెలిసింది.

ఉదాహరణకి లాండింగ్ గేర్. డకోటాలో చక్రాలు ఎత్తాలంటే ముందు సీట్ల మధ్య నేల మీదున్న లాచ్ తీయాలి, తర్వాత హైడ్రాలిక్ ప్యానెల్ మీద గేర్ హ్యాండిల్ కదపాలి. దించేటప్పుడు ప్రెజర్ వచ్చిందా లేదా గేజ్‌లో చూసి, లాచ్ బిగించి, హ్యాండిల్‌ని న్యూట్రల్‌కి తేవాలి. సిమ్యులేటర్‌లో మాత్రం తరతరాలుగా ఒక్క అక్షరం కీ నొక్కితే చక్రాలు లోపలికి పోతాయి. ఆ కీని తీసేస్తే కొన్నవాళ్ళలో చాలామంది మొదటి రోజే వెళ్ళిపోతారు. అందుకని కీ ఉంచాం. కీ నొక్కితే కోపైలట్ చేసినట్టుగా లాచ్, హ్యాండిల్, ప్రెజర్ కోసం ఆగడం, మళ్ళీ లాచ్, అన్నీ వరసగా, అసలుకి పట్టేంత సమయం తీసుకుని జరుగుతాయి. ఇంజిన్ ఆగి హైడ్రాలిక్ ప్రెజర్ లేకపోతే కీ నొక్కినా ఏమీ కాదు. "కీ పనిచేయడం లేదు" అని టికెట్లు (సపోర్ట్‌కి రాసే ఫిర్యాదులు) వస్తాయి, రానివ్వండి.

ఫ్యూయల్ గేజ్ కూడా అంతే. నాలుగు ట్యాంకులకి ఒకటే గేజ్, పక్కన ఒక సెలెక్టర్. ఏ ట్యాంకు చూడాలో తిప్పుకుని చూడాలి. ఇది బగ్ కాదని ఎన్నిసార్లు రాశామో లెక్కలేదు.

ఎండాకాలం టికెట్లు వేరే రకం. ఏప్రిల్, మే నెలల్లో సిమ్యులేటర్‌లో నిజమైన వాతావరణం పెట్టుకుని బేగంపేట నుంచి ఎగిరేవాళ్ళు "పవర్ సరిపోవడం లేదు, గేజ్‌లో మాత్రం 48 అంగుళాలు చూపిస్తోంది" అని రాసేవారు. డకోటాలో ఉన్నది ప్రాట్ అండ్ విట్నీ ఆర్-1830 ఇంజిన్, రెండు వరసల్లో 14 సిలిండర్లు. టేకాఫ్‌కి 2700 ఆర్‌పీఎం, 48 అంగుళాల మానిఫోల్డ్ ప్రెజర్ (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి ఒత్తిడి, పాదరసం అంగుళాల్లో కొలుస్తారు) దగ్గర 1200 హార్స్‌పవర్ ఇస్తుంది. బేగంపేట ఎత్తు 1742 అడుగులు. గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపే సూపర్‌ఛార్జర్ ఉంది కాబట్టి ఆ ఎత్తులో కూడా 48 అంగుళాలు వస్తాయి, గేజ్ అబద్ధం చెప్పడం లేదు. కానీ 42 డిగ్రీల ఎండలో లోపలికి వెళ్ళే గాలి పల్చన. అదే ప్రెజర్ దగ్గర ఇంజిన్‌కి సుమారు 5 శాతం పవర్ తగ్గుతుంది. రెక్కలకి కూడా అదే పల్చటి గాలి. ఆ మధ్యాహ్నం బేగంపేటలో డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పల్చదనాన్ని బట్టి లెక్కేసే ఎత్తు) 5400 అడుగుల దాకా పోతుంది, అంటే విమానం ఊటీకి సుమారు రెండు వేల అడుగులు కిందున్న రన్‌వే మీద ఉన్నట్టే లెక్క. ఎక్కువ దూరం పరుగెత్తక తప్పదు. దానికి తోడు కౌల్ ఫ్లాప్స్ (ఇంజిన్‌ని చల్లబరిచే గాలి బయటికి పోయే తలుపులు) మూసి టాక్సీ చేస్తే రన్‌వే చేరేలోపే సిలిండర్ హెడ్ టెంపరేచర్ ఎర్రగీత వైపు నడుస్తుంది. ఈ జవాబు ఒక పేజీగా రాసి మాన్యువల్‌లో పెట్టాక, మే నెలలో మాకు కాస్త ఊపిరాడింది.

రన్‌వే మీద ఎడమకు లాగడం గురించి మాత్రం నియమాన్ని కొద్దిగా వంచక తప్పలేదు. టెయిల్‌వీల్ విమానంలో (మూడో చక్రం తోక కింద ఉండేదాంట్లో) బరువు కేంద్రం ప్రధాన చక్రాల వెనక ఉంటుంది. కొంచెం పక్కకి తిరిగితే ఆ తిరుగుడు తనంతట తనే పెరుగుతుంది. రెండు ప్రొపెల్లర్లూ ఒకే వైపు తిరుగుతాయి కాబట్టి టేకాఫ్‌లో ముక్కు ఎడమకు పోతుంది. ఇదంతా నిజమే, ఉండాల్సిందే. కానీ నిజం విమానంలో పైలట్‌కి సీటు కింద నుంచి ఆ కదలిక ముందే తెలుస్తుంది, ఇక్కడ కంటికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. పైగా చాలామంది దగ్గర రడ్డర్ పెడల్స్ ఉండవు, జాయ్‌స్టిక్‌ని మెలితిప్పాలి. ఇంకొకటి, చవక థ్రాటిల్ పెట్టెల్లో రెండు లివర్లూ ఒకే చోట పెట్టినా విలువలు నిలకడగా ఉండవు, వణుకుతుంటాయి. ఆ వణుకే రెండు ఇంజిన్ల మధ్య పవర్ తేడాగా మారి విమానాన్ని పక్కకి తిప్పేది. అందుకే రెండు లివర్ల మధ్య తేడా మరీ తక్కువైతే రెండింటినీ ఒకటిగానే తీసుకునేలా చేశాం. ఇది లివర్ పని మార్చడం కాదా అని ఆర్టిస్ట్ మిత్రుడు వాదించాడు. డకోటా లివర్లు వణకవు కదా అన్నాను. ఆ వాదన ఇంకా తేలలేదు.

ఇప్పుడు వరంగల్.

విడుదలైన కొంతకాలానికి ఒకే రకం టికెట్లు వరసగా రావడం మొదలైంది. రాత్రి టపా మిషన్‌లో మద్రాసు నుంచి నాగపూర్ వెళ్తుంటే దారి మధ్యలో రెండు ఇంజిన్లూ ఒకేసారి ఆగిపోతున్నాయి. ఒకరు వరంగల్ అన్నారు, ఒకరు కరీంనగర్ దగ్గర అన్నారు, డల్లాస్ నుంచి ఒక తెలుగాయన సరిగ్గా మామునూరు పైన అని స్క్రీన్‌షాట్ పంపారు. వరంగల్ పక్కనున్న ఆ మామునూరు ఎయిర్‌ఫీల్డ్‌ని సిమ్యులేటర్‌లో చూపించే సీనరీ ఒకటి ఉచితంగా దొరుకుతుంది, చాలామంది వేసుకున్నారు. ఇంకేం, నేరం దాని మీద పడింది. అది తీసేసి ఎగిరితే బాగానే ఉందని ఒకాయన చెప్పడంతో అందరూ నమ్మేశారు. ఆ సీనరీ చేసిన కుర్రాడికి పాపం వారం పాటు మెయిళ్ళ వాన.

సీనరీ వల్ల సిమ్యులేటర్ ఆగిపోవచ్చు గానీ ఇంజిన్ ఎందుకు ఆగుతుంది? నా మొదటి అనుమానం కార్బురేటర్ ఐసింగ్ (ఇంజిన్‌కి గాలి, ఇంధనం కలిపే చోట మంచు పేరుకోవడం) మీదకి పోయింది. వానాకాలం, రాత్రి, తేమ గాలి, మా మోడల్‌లో ఐసింగ్ ఉంది, జనం కార్బురేటర్ హీట్ ముట్టుకోరు. అన్నీ సరిపోతున్నాయి. సార్ ఒప్పుకోలేదు. "ఐస్ అయితే మెల్లగా పీక నొక్కుతుంది బాబూ. రెండు ఇంజిన్లు ఒకే నిమిషంలో చచ్చాయంటే వాటికి ఉమ్మడిగా ఉన్నదేదో చూడు" అన్నారు.

ఉమ్మడిగా ఉన్నదేంటో మాటల్లో అడిగితే తేలదు. "ఏమీ ముట్టుకోలేదండీ" అనే అందరూ చెప్తారు, నిజంగానే అలా అనుకుంటారు కూడా. అందుకని ఒక చిన్న అప్‌డేట్‌లో రికార్డర్ పెట్టాం. అన్ని లివర్లు, స్విచ్‌లు, ప్రెజర్లు, టెంపరేచర్లు ఎప్పటికప్పుడు ఒక ఫైల్‌లోకి పోతుంటాయి. టికెట్ పెట్టేటప్పుడు ఆ ఫైల్ జతచేస్తే చాలు. ఫిర్యాదు చేసినవాళ్ళని అదే ప్రయాణం మళ్ళీ చేయమని అడిగాం, విసుక్కోకుండా చేశారు.

ఫైల్స్ తెరిస్తే కథ ఒక గీతలోనే ఉంది. మానిఫోల్డ్ ప్రెజర్ కదలకముందే ఫ్యూయల్ ప్రెజర్ పడిపోయింది, రెండు ఇంజిన్లకీ ఒకే సెకనులో. పైన ఫ్యూయల్ సెలెక్టర్ల (ఏ ఇంజిన్‌కి ఏ ట్యాంకు నుంచి ఇంధనం రావాలో చెప్పేవి, గేజ్ సెలెక్టర్ కాదు) వరస చూస్తే రెండూ ఎడమ మెయిన్ ట్యాంకు మీదే ఉన్నాయి, బయలుదేరినప్పటి నుంచీ.

లెక్క వేస్తే అంతా కుదిరింది. డకోటాలో మెయిన్ ట్యాంకులు రెండు, ఒక్కోదాంట్లో 202 గ్యాలన్లు, ఆక్సిలరీ ట్యాంకులు మరో రెండు. ఎక్కేటప్పుడు తాగేది కూడా కలుపుకుంటే రెండు ఇంజిన్లకీ కలిపి గంటకు సుమారు 95 గ్యాలన్లు. ఇంజిన్‌కి ఒక మెయిన్ ట్యాంకు చొప్పున ఉంటే నాలుగు గంటలకు పైగా వస్తుంది, నాగపూర్ హాయిగా చేరొచ్చు. రెండూ ఒకే ట్యాంకు నుంచి తాగితే రెండు గంటలు దాటిన కాసేపటికి ఖాళీ. మద్రాసు నుంచి నాగపూర్‌కి గీత గీస్తే అది దాదాపు వరంగల్ మీదుగానే పోతుంది, మద్రాసు నుంచి వరంగల్‌కి దూరం 300 నాటికల్ మైళ్ళు. 140 నాట్ల వేగంతో అక్కడికి పట్టేది రెండు గంటల పది నిమిషాలు. గాలి వెనక నుంచి తోస్తే కరీంనగర్, ఎదురైతే వరంగల్‌కి ఇవతలే. మామునూరు సీనరీ తీసేసి క్షేమంగా వెళ్ళినాయన ఆ రోజు కీబోర్డ్‌తో ఎగిరాడు, హార్డ్‌వేర్ ప్యానెల్ తీసి పక్కన పెట్టాడు. తేడా అక్కడుంది.

చాలామంది ఇంట్లో పెట్టుకునే ప్యానెళ్ళలో ఫ్యూయల్ సెలెక్టర్ ఒకటే ఉంటుంది. సెస్నా 172 లాంటి ఒంటి ఇంజిన్ విమానానికి సెట్ చేసి ఉంచుతారు. దాన్ని ఎడమకి తిప్పితే "ఎడమ ట్యాంకు" అనే ఆజ్ఞ సిమ్యులేటర్‌కి పోతుంది, ఏ ఇంజిన్‌కో చెప్పదు. రెండు ఇంజిన్లూ ఆ ఆజ్ఞని తీసుకున్నాయి. విమానం చివరిసారి ఏ స్థితిలో ఉందో అదే స్థితిలో మళ్ళీ తెరుచుకుంటుంది కాబట్టి, ఒకసారి ఎడమకి పోయింది ఎడమకే ఉండిపోయింది.

మరి ఇన్ని వందల కిలోల తేడా రెండు రెక్కల మధ్య ఉంటే ఎవరికీ తెలియలేదా? ఎడమ ట్యాంకు ఖాళీ అయ్యేసరికి కుడివైపు 550 కిలోలు ఎక్కువ. ట్యాంకులు విమానం నడుముకి దగ్గర్లోనే ఉంటాయి గనక ఒరగడం కొంచెమే, అయినా చేత్తో నడిపితే చేతికి తెలుస్తుంది. వీళ్ళంతా స్పెర్రీ ఆటోపైలట్ పెట్టేశారు. అది మాట్లాడకుండా ఎయిలరాన్లు (రెక్కల చివర కదిలే పలకలు) తిప్పి రెక్కల్ని సమంగా పట్టుకుంది. యోక్ (పైలట్ ముందుండే స్టీరింగ్) ఎడమకు తిరిగి ఉండటం కనిపించాలి నిజానికి, కానీ గేజ్‌లకి అడ్డమని యోక్‌ని దాచేసే సౌకర్యం మేమే ఇచ్చాం, రాత్రి పూట అందరూ దాచేస్తారు.

ఏం చేయాలన్న దగ్గర జట్టులో గట్టిగానే చర్చ జరిగింది. రెండు సెలెక్టర్లూ ఒకే ట్యాంకు మీదకి పోకుండా అడ్డుకట్ట వేయడం అన్నింటికన్నా సులువు. కానీ అసలు డకోటాలో ఏ ఇంజిన్‌నైనా నాలుగింటిలో ఏ ట్యాంకుకైనా కలపొచ్చు. ఒక ఇంజిన్ పోయినప్పుడు ఆ వీలే విమానాన్ని ఇంటికి చేరుస్తుంది. అడ్డుకట్ట వేస్తే ఒక ఇంజిన్‌తో ఎగరడం నేర్చుకునేవాళ్ళకి దారి మూసేసినట్టే. ట్యాంకు ఖాళీ కాగానే దానంతట అదే మారిపోయేలా చేయడం ఇంకా అన్యాయం. చివరికి, ఏ ఇంజిన్‌కో చెప్పని ఆజ్ఞని విమానం పట్టించుకోకుండా చేశాం. ప్యానెల్ వాడేవాళ్ళు సెట్టింగ్స్‌లో ఒకసారి ఫలానా ఇంజిన్‌కి అని కలుపుకోవాలి. రెండోది, ఎక్కడం పూర్తయ్యాక కోపైలట్ ఏ ఇంజిన్ ఏ ట్యాంకు మీద ఉందో పైకి చదువుతాడు. రెండూ ఒకటే అయితే ఇంకోసారి చదువుతాడు, అంతే, చేయి పెట్టడు. కోపైలట్ గొంతు తెలుగులోనూ ఉంది, అది సార్ గొంతే. "రెండూ లెఫ్ట్ మెయిన్ మీదున్నాయి, చూస్కో" అనే ఆ మాట కోసమే భాష మార్చుకున్నవాళ్ళు ఉన్నారు.

దీనికీ అభ్యంతరం వచ్చింది. చెంచాతో తినిపిస్తున్నారని ఒకాయన పెద్ద ఉత్తరం రాశారు. టపా విమానంలో ఇద్దరు పైలట్లు, ఒక రేడియో ఆఫీసర్ ఉండేవారు. మన కుర్చీలో ఉన్నది ఒక్కరే. పక్కసీటు మనిషి చేసే పని పక్కసీటుకి ఇవ్వడం పాతదనానికి విరుద్ధమెలా అవుతుందో నాకు అర్థం కాలేదు, అదే ఆయనకి రాశాను. వద్దనుకునేవాళ్ళకి కోపైలట్ నోరు మూయించే స్విచ్ కూడా ఉంది.

సౌండ్ గురించి రెండు ముక్కలు. 2050 ఆర్‌పీఎం దగ్గర, 16:9 గేర్ వల్ల ప్రొపెల్లర్ నిమిషానికి 1153 సార్లు తిరుగుతుంది. మూడు బ్లేడ్లు, కాబట్టి సెకనుకు దాదాపు 58 దెబ్బలు. కుడి ఇంజిన్ 20 ఆర్‌పీఎం తేడాతో నడిస్తే రెండు సెకన్లలోపు ఒకసారి మోత ఉబ్బి తగ్గుతుంటుంది. పైలట్లు ఆ ఊపు పోయేదాకా చెవితోనే లివర్ సరిచేసేవారు. ఇది రావాలంటే ఒంటి ఇంజిన్ నడిచేటప్పటి రికార్డింగే వాడాలి. రెండూ నడుస్తుండగా తీసిన దాంట్లో ఆ ఊపు ముందే ఇంకిపోయి ఉంటుంది, లివర్ ఎంత కదిపినా పోదు. "గుయ్‌మని మోత వచ్చిపోతోంది" అన్న టికెట్‌కి మా జవాబు ఒక్క వాక్యం: ప్రాప్ లివర్ (ప్రొపెల్లర్ వేగం మార్చేది) పిసరంత కదపండి.

అప్‌డేట్ల విషయంలో నేర్చుకున్న పద్ధతి ఒకటి ఉంది, ఇతర డెవలపర్లకి పనికొస్తుంది. సిమ్యులేటర్ కొత్త వెర్షన్‌లో నేల రాపిడి మారొచ్చు, ప్రొపెల్లర్ లెక్క మారొచ్చు, నోట్స్‌లో అది ఒక ముక్కతో పోవచ్చు, అసలు ఉండకపోవచ్చు. మనిషి ఎగిరి చూసి "బాగానే ఉంది" అంటే నమ్మడానికి లేదు, చేయి తెలియకుండానే సర్దుకుంటుంది. అందుకని స్క్రిప్టే లివర్లు కదిపే కొన్ని ప్రయాణాలు పెట్టుకున్నాం: సముద్రమట్టం నుంచి టేకాఫ్ పరుగు, పదివేల అడుగులకు ఎక్కే సమయం, నిర్ణీత పవర్ దగ్గర క్రూజ్ వేగం, ఒక ప్రొపెల్లర్ ఫెదర్ చేసి (ఆగిన ఇంజిన్ బ్లేడ్లని గాలికి అడ్డం రాకుండా తిప్పి) ఎక్కడం, పవర్ తీసేసి దిగడం. కొలబద్ద అమెరికా సైన్యం అచ్చువేసిన పైలట్ మాన్యువల్లోని పట్టికలు. బీటా రాగానే రాత్రి ఇవన్నీ నడిపి, పాత గీత మీద కొత్త గీత పెట్టి చూస్తాం. ఎక్కడ విడిపోయాయో అక్కడే పని, మిగతాది ముట్టుకోం. మూడు చోట్ల సర్దబోతే నాలుగోచోట చెడుతుంది.

ఇంజిన్ అరుగుదలని మాత్రం మొదట్లో ఉన్నట్టు ఉంచలేకపోయాం. వేడెక్కించి నడిపితే ఆ దెబ్బ తర్వాతి ప్రయాణానికీ మిగిలి ఉండేది. సూత్రం ప్రకారం అదే న్యాయం. కానీ ఇంట్లో పిల్లలు కూర్చుని థ్రాటిల్స్ ముందుకి నెట్టి వదిలేస్తే, మర్నాడు నాన్న టికెట్ రాస్తాడు. ఇప్పుడది ఎంచుకుంటేనే పనిచేస్తుంది, హ్యాంగర్ పేజీలో కొత్త ఇంజిన్ బిగించే బటన్ కూడా ఉంది.

ఇప్పటికీ ఎక్కువగా అడిగేది ఆల్టిట్యూడ్ హోల్డ్. ఆ కాలం స్పెర్రీ దిశనీ, ముక్కు ఎత్తునీ, రెక్కల వాలునీ పట్టుకుంటుంది గానీ ఎత్తుని పట్టుకోదు. అప్పుడప్పుడు ఆల్టిమీటర్ చూసి నాబ్ తిప్పుకోవాలి. ఆల్టిట్యూడ్ హోల్డ్‌ని విమానంలో పెట్టం. చార్ట్ చూసుకోవడానికి దాచుకోగల ట్యాబ్లెట్ ఇచ్చాం, అందులో మ్యాప్ ఉంది. ఎత్తు పట్టే ఆటోపైలట్ కావాలన్నవాళ్ళకి వేరే ఫైల్ ఉచితంగా ఇస్తున్నాం. అది వేసుకుంటే రికార్డర్ ఫైల్ మొదటి వరసలోనే ఆ సంగతి నమోదవుతుంది, ఆ ఫైల్‌తో వచ్చిన టికెట్లు మేం చూడం.